పరీక్ష ముందు, సామాను తరువాత

షిఫ్టు మారు వేళ జ్యోతినగర్ నుండి గోదావరిఖని వరకు రాజీవ్ రహదారిపై బారులు తీరి సాగిపోవు ద్విచక్ర వాహనములను కొంత తడవు నిలిచి పరికించినవారికి, వానిలో పది, పదునైదేండ్లు పైబడిన పాత బండ్లు తక్కువ కావనియు, ఆ పాతవానిలో పెక్కింటి వెనుక భాగము గుంత తగిలినపుడెల్ల రెండు మూడు మారులు ఎగిరి పడియో, ఒక పక్కకు తూలియో గాని దారికి రాదనియు బోధపడకపోదు. నడుపువాడు ఆ ఊపునకు అలవాటుపడియుండును. వెనుక కూర్చున్నవాడు సీటు కమ్మి పట్టుకొని ఊరకుండును. ఎన్నడో ఒకనాడు బూడిద లారీని దాటబోవు క్షణమున హ్యాండిలు చేతిలో వణికి ప్రాణము పోయినంత పని కాగా, మరునాడు ప్రొద్దుననే మెకానికు నొద్దకు బండిని తీసికొనిపోయి, "వెనక షాకబ్జర్లు పోయినయ్, మార్చెయ్యన్నా" అని రోగనిర్ణయమును యజమానియే చేసి, మందు కూడ తానే వ్రాసి యిచ్చును.

మన పాత బండ్ల నడక చెడుటకు వాని వయస్సు కంటెను, మెకానికుల నేర్పులేమి కంటెను, పరీక్షించినందుకు కూలి ఈయక మార్చిన సామానుకు మాత్రమే డబ్బు లెక్కపెట్టు మన అలవాటే ఎక్కువ కారణమని నా అభిప్రాయము. బండిని డబుల్ స్టాండుపై నిలిపి, అరగంట సేపు ఒక్కొక్క మరను తడిమి చూచి, "ఏం గాలేదు, టైర్ల గాలి తక్కువున్నది" అని నిజము చెప్పిన మెకానికునకు మనమిచ్చునది ఒక చిరునవ్వు. అదే మనిషి ఏమియు చూడక రెండు షాకబ్జర్లు విప్పి క్రొత్తవి బిగించినచో అడిగినంతయు చెల్లింతుము. వైద్యుడు నాడి చూచినందుకు ఫీజు ఇచ్చు మనము, బండి నాడి చూచినవానికి మాత్రము చేతులు ఖాళీగా చూపుదుము. ఇట్టి లెక్క నడుచుచోట నిదానమైన పరీక్ష నిలువజాలదు.

వెనుక చక్రమును ఒక కీలుపై పైకి క్రిందికి ఆడనిచ్చు చేతులును, ఆ ఆటను అదుపులో నుంచు నూనె షాకబ్జర్లును కూడిన అమరిక మోటారు సైకిళ్లలో వ్యాపించినది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మటనే. 1948లో ఇంగ్లండునందు రాయల్ ఎన్‌ఫీల్డు తన బుల్లెట్టు నమూనాలను ఈ అమరికతో పోటీలకు దింపెను. 1955 నుండి ఆ బుల్లెట్టు మద్రాసులోనే తయారు కాజొచ్చెను. 1985లో హీరో హోండా సి.డి.100, అదే యేట యమహా ఆర్.ఎక్స్.100, 1994లో స్ప్లెండరు వచ్చిన తరువాత మోటారు సైకిలు అధికారి గృహమును వదలి కార్మికుని వాకిటికి చేరినది. పెట్రోలు నింపి, మూత బిగించి, ఇక దాని సంగతి మరచిపొమ్మని ఆనాటి ప్రసిద్ధ ప్రకటన యొకటి మనకు చెప్పినది. ఇంజను ఆ మాటను చాలవరకు నిలుపుకొన్నది. మనము మాత్రము ఇంజనుతో పాటు, ఎన్నడును మరవరాని టైర్లను, బేరింగులను, బుష్షులను కూడ మరచిపోతిమి. బండి కొనువాడు మైలేజి అడుగును, పికప్పు అడుగును. వెనుక చక్రము ఆడు కీలు బుష్షు ఎట్లున్నదని అడిగినవానిని ఎవరైనను చూచియుందురా?

వెనుక భాగమున పనిచేయు అవయవములు మూడు. స్ప్రింగు గుంత దెబ్బను మ్రింగి దాచుకొనును. షాకబ్జరులోని నూనె సన్నని రంధ్రముల గుండ దూరుచు, స్ప్రింగు దాచుకొన్న ఆ శక్తిని వేడిగా మార్చి వెదజల్లి, చక్రమును ఒక ఊపుతోనే శాంతింపజేయును. మెకానికులు చిమ్టా అని వ్యవహరించు స్వింగ్ ఆర్మ్, చక్రమును పైకి క్రిందికి మాత్రమే కదలనిచ్చి, పక్కలకు కదలకుండ కాపలా కాయును. ఈ మూడింటి మీద పడు భారము సామాన్యమైనది కాదు. కారులో నలుగురు ఎక్కినను వారి బరువు సాధారణముగా కారు బరువులో సగమైనను కాదు. నూటపది కిలోల బండిపై ఇద్దరు పెద్దవారు ఎక్కినచో మోయబడు బరువు మోయుదాని బరువును మించిపోవును, అందులో అధిక భాగము వెనుక చక్రము మీదనే పడును. ఆ పైన సిలిండరో, బియ్యపు బస్తాయో ఇరుసు వెనుకకు వ్రేలాడగట్టినచో ముందు చక్రము తేలికపడి, హ్యాండిలు మాట వినదు. అది రోగము కాదు, మోత.

మన ప్రాంతము ఈ అవయవములపై ప్రత్యేకముగా కఠినమైనది. జ్యోతినగర్ విద్యుత్కేంద్రము నుండి వచ్చు బూడిదలో అధిక భాగము సిలికా, అల్యూమినాలు. లారీల వెంట గాలికి లేచి నూనె తడి తగిలిన షాకబ్జరు రాడ్డుకు అది అంటుకొన్నపుడు, చక్రము ఆడిన ప్రతిసారియు సానపొడివలె సీలు పెదవిని కోయును. కోసిన సీలు నుండి నూనె ఊరును. ఊరిన నూనెకు బూడిదయు, బొగ్గుపొడియు మరింత అంటును. అదే పొడి చిమ్టా కీలు మూతలను దాటి లోనికి పోయి బుష్షును అరుగదీయును. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు ఊరిలో, అసలే వేడెక్కిన నూనె మరింత పలుచనై, ప్రొద్దున కుదురుగా నడిచిన బండి మధ్యాహ్నము ఊగుటయు కలదు. ఇక బొగ్గు లారీల బరువుకు తారు అణగి ఏర్పడిన పొడుగాటి చాళ్ల అంచును సన్నని టైరు ఏటవాలుగా ఎక్కునపుడు, ఏ దోషము లేని బండి కూడ తూలును. కనుక బండిని నిందించుటకు ముందు చాళ్లు లేని చదునైన దారిపై ఒకమారు నడిపి చూచుట న్యాయము.

పరీక్ష అన్నది ఖర్చు లేనిదానితో మొదలై ఖర్చుగలదానితో ముగియవలెను. మొదటిది గాలి. స్ప్లెండరు వంటి నూరు సి.సి. బండి వెనుక టైరునకు ఒక్కరే నడుపునపుడు 28 పౌండ్లును, ఇద్దరున్నపుడు 41 పౌండ్లును ఉండవలెనని కంపెనీ పుస్తకము చెప్పును. ఎల్లవేళల ఇద్దరము పోవుచు, టైరులో ఇరువది యైదు ఉన్నదో లేదో ఎరుగని మనకు, టైరు గోడలు పక్కలకు దొర్లుట వలన కలుగు ఊపు షాకబ్జరు దోషముగా తోచుటలో వింత లేదు. గాలిని ప్రొద్దున, టైరు చల్లగా ఉన్నపుడే చూడవలెను. ఎండలో పది కిలోమీటర్లు నడిపి చూచిన కొలత అబద్ధము చెప్పును. రెండవది టైరు. దాని గోడపై అచ్చైన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. గాడుల పూలు చెరగకున్నను ఏండ్లు గడచి గట్టిపడిన టైరు పట్టు విడుచును. తిన్నని దారి మీదనే అరిగి నడుమ చదునైన టైరు, మలుపులో మొదట వంగక మొరాయించి, పిదప ఒక్కుమ్మడి ఒరిగిపోవును.

మూడవది చక్రము. డబుల్ స్టాండు మీద చక్రమును మెల్లగా త్రిప్పుచు రిమ్ము పక్కన సుద్దముక్కను ఆనించి పట్టినచో, చక్రపు వంకర, అనగా ఔటు, ఎక్కడున్నదో సుద్ద గీత చెప్పును. చిన్న స్పానరుతో పుల్లలను ఒకదాని తరువాత ఒకటి మీటిన, బిగువైనది ఖంగుమనును, వదులైనది మూగవోవును.

నాలుగవది చిమ్టా. జ్యోతినగర్ చుట్టుపట్ల రహదారి పక్క షెడ్లలో ఇంకను మిగిలియున్న పాతకాలపు మేస్త్రీ ఈ పరీక్ష చేయు తీరు చూడదగినది. పిల్లవానిని సీటుపై కూర్చుండబెట్టి బండి కదలకుండ పట్టుకొమ్మని, తాను వెనుక గొంతుక్కూర్చుండి, ఎడమచేతి బొటనవ్రేలిని ఫ్రేమునకును చిమ్టాకును నడుమనున్న సందున ఆనించి, కుడిచేత చక్రపు వెనుకటి అంచు పట్టి పక్కలకు త్రోసి లాగును. కంటికంటె ముందు ఆ వ్రేలికి తెలియును.

"బేరింగు గాదు తమ్మీ, చిమ్టా బుష్షు పోయింది. ఈడ ఏలు పెట్టి సూడు."

"మరి షాకబ్జర్లో?"

"అవి ఇంకో ఏడాది నడుస్తయ్. ముందుగాల గిది సూస్కో."

ఆ వ్రేలు చెప్పిన సంగతిలో గొప్ప తర్కమున్నది. చక్రము కదలి చిమ్టా కదలనిచో దోషము చక్రపు బేరింగులది. చక్రముతో పాటు చిమ్టాయు కదలినచో దోషము కీలు బుష్షులది. రెండు బుష్షుల నడుమ దూరము చిమ్టా పొడవులో సుమారు సగమే గనుక, కీలునొద్ద వెండ్రుకవాసి సందు చక్రమునొద్దకు వచ్చుసరికి రెట్టింపగును. ఈ దోషమునకు దారి మీదనే తెలియు గురుతొకటి కలదు: యాక్సిలరేటరు ఇచ్చినపుడు చైను లాగుట వలన బండి వెనుక ఒక వైపునకు జరిగినట్లును, వదలినపుడు రెండవ వైపునకు సర్దుకొన్నట్లును నడుపువాని నడుమునకు తోచును. షాకబ్జరు ఎంత చెడినను ఇట్టి ఊపు నీయజాలదు.

మరమ్మతులోను విచక్షణ అవసరము. కొన్ని బండ్లలో ఈ బుష్షు లోహపు గొట్టముల నడుమ రబ్బరును అంటించి చేసినది. దానికి గ్రీజు పూయరాదు, పూసిన రబ్బరు చెడును. క్రొత్తది వేసిన పిమ్మట బండిని స్టాండు దింపి, చక్రములపై నిలిపి, సహజమైన ఎత్తున ఉన్నపుడే కీలు బోల్టును తుదిగా బిగింపవలెను; చక్రము వ్రేలాడుచుండగా బిగించిన రబ్బరు నిత్యము మెలిపడి కొలది నెలలలోనే చినుగును. లోహపు బుష్షులుండు బుల్లెట్టు వంటి బండ్లలో, సామాను దొరకనపుడు మంచి లేతు పనివాడు కంచుతో బుష్షు తిరిగి, లోపల గ్రీజు గాడి తీసి, షాఫ్టునకు సరిపోవు సందుతో కూర్చగలడు. గనులును, కర్మాగారములును నడుచుటచే లేతు పని మన గోదావరిఖనికి క్రొత్త కాదు. ఆ నేర్పును మన బండ్లకు వినియోగించుకొనుటయే తక్కువ.

ఐదవది చక్రముల వరుస. చైను బిగించునపుడు అడ్జస్టరు మీది గీతలను నమ్మి రెండు వైపులను సమానమనుకొందురు; పాత బండిలో ఆ గీతలకు విలువ తక్కువ. పొడుగాటి దారమును వెనుక టైరు అంచులకు ఆనించి, ముందు టైరు వరకు రెండు ప్రక్కల బిగువుగా లాగి చూచినచో, వెనుక చక్రము ఏ వైపునకు మొగము పెట్టియున్నదో పామరునకును తెలియును. దీనికి కావలసినది పది రూపాయల నూలుదారము. ఆరవది హ్యాండిలు తిరుగు కీలైన ముందుభాగపు కోన్ సెట్టు. ముందు చక్రమును నేల నుండి లేపి హ్యాండిలును మెల్లగా త్రిప్పునపుడు సరిగా నడుమ ఒక పల్లములో దిగబడినట్లు ఆగినచో, బాల్సు కూర్చుండు గిన్నెలలో గుంటలు పడినవని అర్థము. ముందు దోషము వెనుక దోషమువలెను, వెనుక దోషము ముందు దోషమువలెను భ్రమ గొల్పుట మోటారు సైకిలు స్వభావము. 1971లో ఇంగ్లండునందు ఆర్.ఎస్. షార్ప్ అను ఇంజనీరు గణితముతో ఈ ఊపులను విడదీసి చూపెను: హ్యాండిలును వడివడిగా వణికించునది ఒకటి, బండి నంతయు మెల్లమెల్లగా చేపతోకవలె పక్కలకు విసరునది వేరొకటి. మొదటిదానికి ముందు చక్రమును, కోన్ సెట్టును, రెండవదానికి వెనుక టైరును, చిమ్టాను, వెనుకకట్టిన బరువును ముందుగా అనుమానించుట మేలు.

ఇన్నియు చూచిన తరువాతనే షాకబ్జరు వంతు రావలెను. సీటును గట్టిగా అణచి వదలిన, వెనుకభాగము పైకి లేచి ఒకమారుతో కుదురుకొనవలెను. రెండు మూడు మారులు ఊగినచో నూనె పనిచేయుట లేదు. స్ప్రింగు విప్పి రాడ్డును చేత నొక్కి లాగినపుడు ఆద్యంతము ఒకే విధమైన బిగువుండి, లాగునపుడు నొక్కునప్పటికంటె ఎక్కువ ఎదురుండుట ఆరోగ్య లక్షణము. నడుమ ఎక్కడనైన ఖాళీగా జారినచో లోపల నూనె తగ్గి గాలి చేరినది. స్ప్రింగు సంగతి టేపు చెప్పును. ఇరుసు నుండి సీటు క్రింది ఒక స్థిరమైన గురుతు వరకు చక్రము వ్రేలాడునపుడొకమారు, మనిషి కూర్చున్నపుడొకమారు కొలిచిన తేడా, మొత్తము ఆటలో నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ ఉండవలెను. అంతకు మిక్కిలి దిగినచో వెనుక క్రుంగి, ముందు ఎత్తై, హ్యాండిలు మందగించును. షాకబ్జరు అడుగున మెట్లుగల కాలరును త్రిప్పి స్ప్రింగును గట్టిపరచితిమని మనము సంతోషింతుము. నిజమునకు కాలరు బండి వెనుకభాగపు ఎత్తును మాత్రమే మార్చును, స్ప్రింగు గట్టితనము పుట్టినప్పటిదే. ఇద్దరు ఎక్కినపుడు ఎత్తుగాను, ఒక్కడున్నపుడు తగ్గించియు పెట్టుకొనుటకే ఆ మెట్లు. ఏండ్ల తరబడి ఒకే మెట్టున తుప్పు పట్టుటకు గాదు.

పరీక్ష లేనిచోట చిట్కాలు పుట్టును. అలసిన స్ప్రింగును కాల్చి సాగదీయించుట, చుట్ల నడుమ రబ్బరు ముక్కలు ఇరికించుట, షాకబ్జరులో ఇంజను ఆయిలు నింపుట, విరిగిన చిమ్టాకు వెల్డింగు పెట్టించుట మన వీధులలో నిత్యమును చూచునవే. కాల్చిన స్ప్రింగు తన గుణమును కోల్పోవును. నూనె చచ్చిన షాకబ్జరుపై గట్టి స్ప్రింగు ఎక్కించుట మరింత కీడు. దాచుకొన్న శక్తి ఎంత ఎక్కువైన, అదుపు లేని తిరుగుదెబ్బ అంత గట్టిగా తగులును, చక్రము నేల విడుచు కాలమును అంత పెరుగును. నేల విడిచిన చక్రమునకు బ్రేకు వేసి ప్రయోజనమేమి? ఇక వెల్డింగు పెట్టిన చిమ్టా విషయమున నా మాట నిష్కర్షయైనది: దానిని పారవేయవలెను. ఒక షాకబ్జరు మార్చి రెండవదానిని పాతదే ఉంచుట కూడ పొదుపు కాదు. రెండు వైపులను రెండు తీరుల పనిచేయు జత చిమ్టాను మెలిపెట్టును.

పాత బండ్లను తుక్కునకు పంపినచో ఈ బాధ లేదు గదా అనువారున్నారు. 2021 నుండి ప్రభుత్వపు తుక్కు విధానము కూడ కలదు. కాని కాంట్రాక్టు కూలికి గనికిని, ప్లాంటునకును పోవు మనిషికి క్రొత్త బండి కొనుమని చెప్పుట సులభము, కొనుట సులభము కాదు. పైగా వయస్సును బట్టి బండిని తీసివేయుట ప్రమాదమును సరిగా పట్టునను నమ్మకము నాకు లేదు. మన దారులలో నాలుగేండ్ల బండి కూడ బుష్షు అరిగి తూలగలదు, బాగుగా చూచుకొన్న ముప్పదియేండ్ల బుల్లెట్టు గీత గీచినట్లు పోగలదు. చట్టము మాత్రము ఈ భేదమును ఎరుగదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును, ఆపైన ఐదేండ్లకొకమారు పునరుద్ధరణ జరుగును. ఈ నడుమ కాలమున బండి పరీక్షగా అడుగబడునది పొగ సర్టిఫికెట్టు మాత్రమే. పొగను కొలుచు యంత్రమునకు చిమ్టా కానరాదు.

అందుచేత భారము కొంత మనపైనను, కొంత మన సంస్థలపైనను పడుచున్నది. గనిలోనికి మనుషులను మోయు తాడును, కుర్చీని సమర్థుడు పరీక్షించి పుస్తకములో నమోదు చేయక నడుపరాదన్న క్రమశిక్షణ సింగరేణి బొగ్గు గనుల సంస్థకు నూరేండ్ల అనుభవముచే అబ్బినది. గేటు దాటి వెలుపలికి వచ్చిన మరుక్షణము అదే కార్మికుడు ఎవరును పరీక్షింపని యంత్రముపై ఎక్కి, బొగ్గు లారీల నడుమ ఇంటికి పోవుచున్నాడు. 1966 నాటి వృత్తి శిక్షణ నియమముల ననుసరించి కార్మికులకు పునశ్చరణ శిక్షణ యిచ్చు వృత్తి శిక్షణ కేంద్రములలో (వి.టి.సి.లలో), ఆ తరగతుల నడుమ ఒక్క గంట ద్విచక్ర వాహన పరీక్షకు కేటాయించిన సంస్థకు కలుగు నష్టమేమి? జ్యోతినగర్ విద్యుత్కేంద్రపు పార్కింగులోను, గనుల గేట్లయొద్దను గాలి కొలత సాధనము ఒకటి, చక్రము నేల విడుచునట్లు బండిని నిలుపు స్టాండు ఒకటి పెట్టి, ఐ.టి.ఐ. విద్యార్థులను నెలకొకనాడు రప్పించిన, విద్యార్థికి అభ్యాసమును, కార్మికునకు భద్రతయు ఒకేమారు సమకూరును.

మనవంతుగా చేయవలసినది ఇంకను చిన్నది. మెకానికులు తమ షెడ్లలో సర్వీసింగు రేటును, పంక్చరు రేటును వ్రాసిపెట్టినట్లు, పరీక్ష రేటును కూడ వ్రాసిపెట్టవలెను: చూచినందుకు నూరు రూపాయలు, దోషము దొరకినను దొరకకున్నను. యజమాని బండి తెచ్చి "షాకబ్జర్లు మార్చు" మనుట మాని, "ఏమున్నదో చూడు" మని, చూచువరకు పక్కనే నిలిచి, తన బొటనవ్రేలిని కూడ ఆ సందున పెట్టి తెలిసికొనవలెను. నూరు రూపాయలా యని నొసలు ముడుచువారు, గాలి తక్కువైనందుకు రెండు షాకబ్జర్లు, బుష్షు అరిగినందుకు రెండు టైర్లు కొన్న సందర్భములు తమ ఇంటిలో ఎన్ని జరిగినవో కూడుకొని చూచుకొనిన, పరీక్షకు కూలి ఇచ్చుట ఖర్చో, పొదుపో వారికే తేలిపోవును.